బిళ్లా, సూదా: చోడవరంలో ఒక వాదన

చోడవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. జిల్లా పేరు మారినా ఇక్కడి ఒంటినొప్పులు మారలేదు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ కోసం చెరకు కొట్టేవాళ్లు, బెల్లం పొయ్యి ముందు గంటల తరబడి నిలబడేవాళ్లు, నాట్లకి వంగేవాళ్లు యాభై దాటేసరికి మోకాలో నడుమో పట్టుకుని కూర్చుంటారు. వాళ్లకి కనిపించే దారులు రెండే. ఒకటి మందుల షాపులో బిళ్ల, రెండోది సూది. ఈ రెండింటి మీద మామా మేనకోడళ్ల మధ్య జరిగిన వాదన ఇది. ఆయన ఫార్మసీ చదివి ఊళ్లో మందుల షాపు నడుపుతున్నాడు. ఆమె విశాఖలో ఎముకల డాక్టరు. ఇద్దరి పేర్లూ నాకు తెలుసు గాని ఇక్కడ అవసరం లేదు.

మావయ్య: నువ్వొచ్చిన ప్రతిసారీ ఇదే గొడవ తల్లీ. "ఆ నొప్పి బిళ్లలు అమ్మకు మావయ్యా" అంటావు. నేను అమ్మకపోతే పక్క షాపులో కొనుక్కుంటారు. నేనైతే బీపీ ఉందా, షుగర్ ఉందా అని అడిగి ఇస్తాను. తెల్లారి ఆరింటికి చెరకు తోటలో దిగాల్సిన మనిషికి రాత్రి ఎనిమిదింటికి మోకాలు వాచిపోతే నేనేటి చెయ్యాలి? నీ ఓపీ విశాఖలో ఉంది. ఊరి నుంచి ఒక బస్సు, మధ్యలో దిగి ఇంకో బస్సు. ఆ రోజు కూలి పోయినట్టే. అంతా అయ్యాక నువ్వు చేసేదేటి? మోకాట్లో సూది వేసి పంపుతావు.

మేనకోడలు: అందరికీ వెయ్యను. ఎవరికి వేస్తానో తర్వాత చెబుతాను. నువ్విచ్చే బిళ్ల ఎలా పనిచేస్తుందో ముందు నువ్వు చెప్పు.

మావయ్య: నాకే పరీక్షా? సరే, విను. దెబ్బ తగిలిన చోట, అరిగిన చోట ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు పుడతాయి. వాపు, వేడి, సలుపు వాటివల్లే. ఆస్పిరిన్ వాటి తయారీని ఆపుతుందని 1971లో జాన్ వేన్ నిరూపించాడు, 1982లో నోబెల్ తీసుకున్నాడు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అన్నీ ఆ కోవవే. అరగంటలో పని మొదలెడతాయి. నీ అమెరికా వాతరోగ నిపుణుల సంఘం 2019లో మోకాళ్ల అరుగుదలకి ఇచ్చిన సలహాల్లో కూడా ఈ బిళ్లల్ని గట్టిగానే సమర్థించింది. నువ్వు పంపిన కాగితమే.

మేనకోడలు: వీలైనంత తక్కువ మోతాదులో, వీలైనంత తక్కువ రోజులు వాడాలని కూడా అందులోనే ఉంది. ఆ ముక్క వదిలేశావు. ప్రోస్టాగ్లాండిన్లు నొప్పి పుట్టించడంతో ఆగవు మావయ్యా. కడుపు లోపలి పొరని కాపాడేది అవే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసేదీ అవే. ఫిబ్రవరి, మార్చి ఎండలో చెరకు కొట్టి, చెమటంతా కార్చి, నీళ్లు సరిగ్గా తాగని మనిషి కిడ్నీ వాటి మీదే ఆధారపడి ఉంటుంది. సరిగ్గా అప్పుడే నువ్వు వాటి తయారీ ఆపేస్తున్నావు. దానికి తోడు ఆ మనిషి బీపీకి టెల్మిసార్టాన్, నీరు తీసే బిళ్ల వాడుతుంటే మూడూ కలిసి కిడ్నీని ఎక్కడ నిలబెడతాయో నీకు తెలుసు.

మావయ్య: గ్యాస్ బిళ్ల కూడా ఇస్తాను కదా.

మేనకోడలు: అది కడుపుని కాపాడుతుంది. కిడ్నీకి ఏమీ చెయ్యదు.

మావయ్య: ఇంకేటి, ఉద్దానం కిడ్నీ జబ్బులు కూడా నా మెడకి చుడతావా?

మేనకోడలు: చుట్టను. కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు అన్ని వేలమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా తేలలేదు. నొప్పి బిళ్లలే కారణమని నేను అనను. కానీ అప్పటికే బలహీనపడిన కిడ్నీ మీద ఈ బిళ్ల అదనపు బరువు. ఎవరి కిడ్నీ ఏ స్థితిలో ఉందో నీ కౌంటర్ మీద నుంచి కనిపించదు. క్రియాటినిన్ పరీక్ష ఒక్కటి చేయించుకోకుండా ఏళ్ల తరబడి రోజుకి రెండేసి బిళ్లలు మింగుతున్నవాళ్లు ఈ చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారో నీకే బాగా తెలుసు.

మావయ్య: పారాసెటమాల్ ఇమ్మంటావా అయితే?

మేనకోడలు: లెక్కగా వాడితే ప్రమాదం తక్కువ. అరిగిన మోకాలికి ఉపయోగమూ తక్కువే. దానికన్నా డైక్లోఫెనాక్ జెల్ ఇవ్వు. మోకాలు పైపైనే ఉండే కీలు, పైపూత మందు లోపలికి అందుతుంది. రక్తంలో కలిసేది చాలా కొద్ది. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2022లో ఇచ్చిన సలహా కూడా ఇదే. మోకాలి అరుగుదలకి మందు వాడాలనుకుంటే ముందు పైపూత, అది చాలకపోతేనే బిళ్ల.

మావయ్య: జెల్ చేతిలో పెడితే నా ముఖంలోకి చూస్తారమ్మా. పూత మందుకి పోయే నొప్పి అయితే నీ దగ్గరికెందుకు వస్తానంటారు. మనవాళ్లకి గొంతులో దిగాలి, లేకపోతే నడ్డికి గుచ్చుకోవాలి.

మేనకోడలు: నడ్డికి గుచ్చే సూది మాట నువ్వే ఎత్తావు. అందులో ఏముంటుంది?

మావయ్య: డైక్లోఫెనాక్. కొందరు డెక్సామెథాసోన్ కూడా కలుపుతారు.

మేనకోడలు: బిళ్లలో ఉన్న డైక్లోఫెనాకే కదా. నడ్డి నుంచి రక్తంలోకి వెళ్లి ఒళ్లంతా తిరిగి ఆ కిడ్నీ మీదుగానే బయటికి పోతుంది. మోకాలికి అది ప్రత్యేకంగా చేసేదేమీ లేదు. పైగా సూది సయాటిక్ నరానికి తగిలితే కాలు ఈడ్చుకుంటూ నడవాలి, శుభ్రత లేకపోతే నడ్డి మీద గడ్డ వస్తుంది. నేను కీలు లోపల వేసే సూదికీ దీనికీ సంబంధం లేదు.

ఈ మాట దగ్గర నేను కాస్త ఆగాలి. బిళ్లా సూదా అని మన ఊళ్లలో జరిగే వాదన సగం ఇక్కడే దారి తప్పుతోంది. నడ్డికి వేయించుకుని "ఇంజక్షన్ వైద్యం చేయించుకున్నాను, పనిచెయ్యలేదు" అనేవాళ్లు నిజానికి మింగాల్సిన మందునే వేరే దారిలో ఎక్కించుకున్నారు. ఆ డైక్లోఫెనాక్ రాబందుల మీద చేసిన పని కూడా గుర్తు పెట్టుకోదగ్గదే. నొప్పులకి ఈ మందు వేసిన పశువులు చచ్చాక వాటిని తిన్న రాబందులు కిడ్నీలు పాడై చనిపోయాయి. దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాక 2006లో పశువులకి ఈ మందుని నిషేధించారు. మనుషుల కోసమని తయారయ్యే పెద్ద సీసాలు పశువులకి మళ్లుతుండటంతో 2015లో ఇంజక్షన్‌ని ఒక్క మోతాదుకి సరిపడే 3 మిల్లీలీటర్ల ప్యాకింగ్‌కి పరిమితం చేశారు. రాబందు కిడ్నీ, మనిషి కిడ్నీ ఒకటి కావు. అయినా ఇది చాక్లెట్‌లా చేతిలో పెట్టే మందు కాదని చెప్పడానికి ఆ చరిత్ర చాలు.

మావయ్య: సరే, నడ్డి సూది పక్కన పెడదాం. నువ్వు మోకాట్లో వేసేది స్టెరాయిడే కదా? దాని సంగతి నాకు తెలీదనుకోకు. 1948లో అమెరికాలో మేయో క్లినిక్‌లో హెంచ్ కీళ్లవాతంతో కదల్లేని ఒకామెకి కార్టిసోన్ ఇస్తే ఆమె కొద్దిరోజుల్లోనే లేచి నడిచింది. 1950లో నోబెల్ ఇచ్చేశారు. తర్వాత ఏమయింది? ముఖాలు ఉబ్బాయి, ఎముకలు గుల్లబారాయి, షుగర్లు పెరిగాయి.

మేనకోడలు: అవి ఒళ్లంతటికీ నెలల తరబడి ఇవ్వడం వల్ల వచ్చిన తిప్పలు. అందుకే 1951లో హాలండర్ హైడ్రోకార్టిసోన్‌ని నేరుగా కీలులోకి ఎక్కించి చూశాడు. మందు కావాల్సిన చోటే ఎక్కువగా ఉండాలి, మిగతా ఒంటికి తక్కువ చేరాలి, ఆలోచన అదే. నేను వేసే ట్రైయామ్సినలోన్ 40 మిల్లీగ్రాములు. ఉబ్బిన మోకాట్లో ముందు నీరు లాగి, తర్వాత మందు ఎక్కిస్తాను.

మావయ్య: ఎన్నాళ్లుంటుంది ఉపశమనం?

మేనకోడలు: కొన్ని వారాలు. కొందరికి రెండు మూడు నెలలు.

మావయ్య: ఆ తర్వాత మళ్లీ సూది. 2017లో వచ్చిన అమెరికా అధ్యయనం నువ్వే చూపించావు. 140 మందిలో సగం మందికి మూడు నెలలకోసారి రెండేళ్లపాటు మోకాట్లో స్టెరాయిడ్ వేశారు, మిగతా సగానికి ఉప్పునీరు వేశారు. చివరికి నొప్పిలో తేడా లేదు. గుజ్జు మాత్రం స్టెరాయిడ్ వాళ్లకి రెట్టింపు అరిగింది. ఉన్న గుజ్జు కూడా తినేసే సూది ఎందుకు మరి?

మేనకోడలు: 0.21 మిల్లీమీటర్లు ఒకవైపు, 0.10 ఇంకోవైపు. లెక్క నిజమే. అందుకే మూడు నెలలకోసారి అలవాటుగా వెయ్యకూడదంటాను. టెన్నిస్ ఎల్బో అనే మోచేతి నొప్పి సంగతి ఇంకా ఘోరం. 2006లో ఆస్ట్రేలియాలో 198 మంది మీద చూశారు. సూది వేయించుకున్నవాళ్లు ఆరు వారాలకి అందరికన్నా బాగున్నారు. ఆ తర్వాత వాళ్లలో 72 శాతం మందికి నొప్పి తిరగబెట్టింది. మోచేతికి నేను స్టెరాయిడ్ వెయ్యడం మానేశాను. మడమ వెనక స్నాయువులోకి అసలే వెయ్యను, అది తెగే ప్రమాదం ఉంది. అలాగని సూదినే తీసిపారెయ్యలేను. వేలు మడిచి తెరవబోతే టక్కుమని ఇరుక్కుపోతుంది చూడు, ట్రిగ్గర్ ఫింగర్, చాలామందికి ఒక్క సూదితో వదులుతుంది. బొటనవేలి కింద మణికట్టు నొప్పికీ అంతే. షుగర్ ఉన్నవాళ్లకి భుజం బిగుసుకుపోతే మొదటి నెలల్లో వేసిన సూది రాత్రిళ్లు నిద్రపట్టనిస్తుంది.

వీళ్లు మాట్లాడుతుండగానే పక్క ఊరావిడ ఒకరు షాపు ముందుకొచ్చింది. మోకాలి నొప్పికి వాడే అట్ట చూపించి ఇంకోటి ఇమ్మంది. డాక్టరమ్మ ఆమెని స్టూలు మీద కూర్చోబెట్టింది. పొద్దున్న లేచాక ఎంతసేపు బిగదీసుకుని ఉంటుందని మొదట అడిగింది. ఐదు నిమిషాలని ఆమె చెప్పింది. మోకాలు చేత్తో ముట్టి చూస్తే వేడి లేదు, నీరు లేదు, వంచితే పూర్తిగా వంగుతోంది. ఎక్కడ నొప్పో ఒక్క వేలితో చూపించమంది. ఆవిడ మోకాలి మీద చెయ్యి పెట్టలేదు, లోపలి వైపు రెండంగుళాలు కిందికి చూపించింది. అక్కడ బొటనవేలితో నొక్కగానే "అమ్మో" అని కాలు లాక్కుంది. తొడ నుంచి వచ్చే కండరాల స్నాయువులు ఎముకకి అతుక్కునే చోటు అది. కింద చిన్న నీటి తిత్తి ఉంటుంది, వాచింది అదే. కీలు లోపల ఏమీ లేదు. ఆవిడ మాత్రం చాన్నాళ్లుగా గుజ్జు అరిగిందనుకుని బిళ్లలు మింగుతోంది.

మేనకోడలు: ఇక్కడ జెల్, ఐసు, తొడ కండరాల వ్యాయామం. నెలలో తగ్గకపోతే ఒక్కటంటే ఒక్క సూది, ఆ తిత్తిలో. నువ్వు ఇన్నాళ్లూ ఇచ్చిన అట్టలన్నీ దండగే కదా మావయ్యా.

మావయ్య: బొటనవేలు పెట్టి నొక్కే డాక్టరు ఉంటే దండగే. నొక్కకుండానే స్కానింగ్ రాసేవాళ్లని కూడా చూశాను. పొద్దున్న గంటసేపు బిగదీసుకుంటుందని చెప్పి ఉంటే?

మేనకోడలు: అప్పుడు నువ్వే గెలిచేవాడివి. రెండు చేతుల వేలి కణుపులూ వాచి, పొద్దున్న గంటకి పైగా బిగదీసుకుంటే అది రుమటాయిడ్ అవ్వచ్చు. ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడి తినేసే జబ్బు. అక్కడ నా సూది ఒక కీలుని కొద్దిరోజులు చల్లబరుస్తుందంతే. జబ్బుని అదుపు చేసేది మందే. మొదటి మందు మెథోట్రెక్సేట్.

మావయ్య: మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం చేసింది! లెడర్లే ల్యాబ్‌లో ఫోలిక్ యాసిడ్‌కి ఎదురు మందులు తయారుచేశారు. పిల్లల రక్త క్యాన్సర్ మీద ఫార్బర్ వాడింది అవే. 1948లో సుబ్బారావు గారు పోయారు. కీళ్లవాతానికి ఆ మందుని అమెరికాలో అనుమతించింది 1988లో. నలభై ఏళ్లు ఆలస్యం. ఈ మందు అడిగితే నేను చీటీ లేకుండా ఇవ్వను. వారానికి ఒక్కసారి వేసుకోవాల్సింది. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకే అట్ట మీద "సోమవారం మాత్రమే" అని పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసి, ఇంటి నుంచి చదవడం వచ్చినవాళ్లని పిలిపించుకుని మరీ చెప్పి ఇస్తాను. ఫోలిక్ యాసిడ్ ఇంకో రోజు. లివర్ పరీక్ష, రక్త పరీక్ష చేయించుకున్నారా అని అడుగుతాను.

మేనకోడలు: నొప్పి బిళ్లకి కూడా ఆ శ్రద్ధ పెట్టు. నేనడిగేది అంతే.

మావయ్య: లిగమెంట్ల మాటేటి మరి? బెణికిన చీలమండ ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ బెణుకుతుంది. నడుం కింద కటి ఎముకల దగ్గర పట్టు వదిలేసి వంగినప్పుడల్లా కలుక్కుమంటుంది. నా బిళ్లలు వాటికి నొప్పి తెలియకుండా చేస్తాయి తప్ప బాగుచెయ్యవు, ఒప్పుకుంటాను. నీ స్టెరాయిడూ బాగుచెయ్యదు.

మేనకోడలు: చెయ్యదు, ఇంకా బలహీనపరుస్తుంది కూడా. లిగమెంటుకి రక్త ప్రసరణ తక్కువ, అందుకే మెల్లగా మానుతుంది. పూర్తిగా తెగితే ఏ సూదీ అతికించలేదు. సాగి వదులైనదానికి మాత్రం ప్రోలోథెరపీ అని ఒక పద్ధతి ఉంది. జార్జ్ హాకెట్ అనే అమెరికా సర్జన్ 1956లో దాని మీద పుస్తకం రాశాడు. లిగమెంటు ఎముకకి అతుక్కునే చోట గాఢమైన డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తారు. నీ షాపులో 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఆంప్యూల్ ఉంటుందే, అదే, ఇంకాస్త పలచన చేసి. ఆ చక్కెర ద్రావణం అక్కడ మంట రేపుతుంది, ఆ మంటకి ఒళ్లు స్పందించి కొత్త పీచు అల్లుతుందని వాళ్ల వాదన.

మావయ్య: నేను వాపు చల్లార్చడానికి బిళ్ల ఇస్తుంటే నువ్వు వాపు రగిలించడానికి సూది వేస్తావా?

మేనకోడలు: అవును. అందుకే ఆ సూది వేయించుకున్నవాళ్లని కొన్నాళ్లు నొప్పి బిళ్లలు వేసుకోవద్దంటారు. రెండు వైద్యాలూ నిజంగా ఎదురెదురు నిలబడే చోటు ఇదొక్కటే. 2013లో అమెరికాలో 90 మంది మోకాళ్ల మీద పరీక్షిస్తే ఏడాది తర్వాత ఉప్పునీటి సూది కన్నా, ఇంటి దగ్గర వ్యాయామం కన్నా డెక్స్‌ట్రోజ్ మెరుగ్గా ఉంది.

మావయ్య: 90 మందా? ఇందాక నేను చెప్పిన 2019 సలహాల్లోనే ప్రోలోథెరపీ వద్దనే వైపు మొగ్గారు. అది దాచేస్తున్నావు.

మేనకోడలు: దాచను. అది మోకాలి, తుంటి అరుగుదలకి చెప్పిన మాట. ఆధారం చాలదన్నారు. నేను కూడా అందరికీ వెయ్యను. మూడు నెలలు వ్యాయామం చేసినా నిలవని చీలమండకి, నువ్వు చెప్పిన కటి ఎముకల కీలు, అదే సాక్రోఇలియాక్ దగ్గర లిగమెంటు నొప్పికి, ఇది ఇంకా తేలని వైద్యమని ముందే చెప్పి వేస్తాను.

మావయ్య: తేలని వైద్యాన్ని కూలివాళ్ల మీద తేల్చుకోకు. నా మాట ఇంతే, మారదు.

ఈ ఒక్క విషయంలో నేను మావయ్య వైపే. చవకైన మందు అని, చక్కెర నీళ్లే కదా అని తేలికగా తీసుకోవడానికి లేదు. గుచ్చేది కీళ్ల దగ్గర, నరాల పక్కన. డాక్టరమ్మ ముందే చెప్పి వేస్తోంది, మంచిదే. చెప్పకుండా వేసేవాళ్లకి ఈ పేరు పెద్ద వ్యాపారం అవుతుంది. ఆ వ్యాపారం ఎలా ఉంటుందో పీఆర్పీని చూస్తే తెలుస్తుంది. రోగి రక్తం నుంచే ప్లేట్‌లెట్లు తీసి మోకాట్లో ఎక్కించే వైద్యం అది. వేలకి వేలు గుంజుతున్నారు. 2021లో ఆస్ట్రేలియాలో 288 మంది మీద జరిపిన పరీక్షలో ఉప్పునీటి సూదికీ దానికీ ఏడాది తర్వాత నొప్పిలో తేడా కనిపించలేదు. ఈ విషయంలో మామా మేనకోడళ్లిద్దరిదీ ఒకే మాట, అందుకే వాళ్లు దాని మీద ఎక్కువసేపు మాట్లాడలేదు.

మేనకోడలు: నీకు నచ్చని ఇంకో మాట చెప్పనా? నా సూదిని ఓడించేది ఉంది. 2020లో అమెరికా సైనిక ఆసుపత్రుల్లో 156 మందిని రెండుగా విడదీశారు. సగం మందికి మోకాట్లో స్టెరాయిడ్, సగం మందికి ఫిజియోథెరపీ. ఏడాదికి ఫిజియోథెరపీ వాళ్లే మెరుగు. ఇందాకటావిడకి నేర్పింది చూశావు కదా. కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని నేలకేసి నొక్కి పట్టి పది లెక్కపెట్టడం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది.

మావయ్య: రోజంతా పొలంలో వంగి లేచిన మనిషికి ఇంటికొచ్చి కుర్చీలోంచి లేచి కూర్చోమంటావు. సైనికుడికి జీతం ఆగదమ్మా. చికున్‌గున్యా గుర్తుందా? 2006లో దేశంలో 13 లక్షల మందికి పైగా అనుమానిత కేసులు లెక్క తేలాయి, మన రాష్ట్రంలో ఊళ్లకి ఊళ్లే పడ్డాయి. జ్వరం వారంలో పోయింది, కీళ్లు నెలల తరబడి పట్టేశాయి. నడవలేక, పనికి వెళ్లలేక జనం నా షాపు ముందు గోడ పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు వ్యాయామం చెయ్యమని ఎవరూ రాలేదు. బిళ్లే నిలబెట్టింది.

మేనకోడలు: ఆ రోజుల్లో నడ్డికి డెక్సామెథాసోన్ మొదలుపెట్టి మానలేకపోయినవాళ్లు తుంటి ఎముక కుళ్లి ఇప్పుడు నా దగ్గరికి వస్తున్నారు మావయ్యా. వాళ్లెవరికీ ఏం మందు వేశారో తెలీదు. "నొప్పుల ఇంజక్షన్" అంటారు. అంతకు మించి చెప్పలేరు.

మావయ్య: ఆ మాటకొస్తే నీలాంటి డాక్టర్లు వేసే సూది సంగతి మాత్రం నాకెలా తెలుస్తుంది? విశాఖలో మోకాట్లో వేయించుకుని వస్తారు. నెల తిరక్కుండా ఇక్కడెవడో మళ్లీ అదే మోకాట్లో పొడుస్తాడు. షుగర్ మూడొందలు దాటి నా దగ్గరికి వస్తారు, ఎందుకు పెరిగిందో నాకు అర్థం కాదు. మీ చీటీలో నాకు కనిపించేది సంతకం, తేదీ. లోపల వేసిన మందు పేరు ఎక్కడుంది?

మేనకోడలు: నిజమే. స్టెరాయిడ్ వేశాక కొన్నాళ్లు షుగర్ పెరుగుతుందని రోగికి నోటితో చెబుతాం. కాగితం మీద పెట్టం.

మావయ్య: పెట్టు మరి. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ కాలు, ఏ తేదీ, మళ్లీ ఎప్పటిదాకా వెయ్యకూడదు. తెలుగులో రాయి. నేను అది చదివి ఇక్కడ ఇంకో సూదికి సరంజామా అమ్మను. మోకాలు మార్పిడి ఆపరేషన్‌కి వెళ్తుంటే మూడు నెలలు సూది ఉండకూడదంటారు కదా, అది కూడా అందులోనే తెలిసిపోతుంది.

మేనకోడలు: రాస్తాను. నువ్వేం చేస్తావు?

మావయ్య: డైక్లోఫెనాక్ అడిగినవాళ్లకి ఐదు రోజులకి మించి ఇవ్వను. మూడోసారి వస్తే క్రియాటినిన్ కాగితం చూపించమంటాను. మానేస్తారో, పక్క షాపుకి పోతారో చూద్దాం. పోతే నాకు నష్టమే. అది నీకూ తెలుసు.

మేనకోడలు: తెలుసు. ఆదివారం ఇక్కడే కూర్చుని చూస్తాను, బస్సు ఖర్చులు పెట్టుకోలేనివాళ్లని రమ్మను. కానీ ప్రోలోథెరపీ మాట మాత్రం నేను వదల్లేదు.

మావయ్య: ఆదివారం రా. ఆ ఆంప్యూళ్లు మాత్రం నా షాపులోవి ముట్టుకోకు.